డబ్బుంటే 'తిక్క', లేకపోతే 'పిచ్చి'. అంతేనా?

సందేహి:
మనిషి చేసే పని ఒకటే. హోదాను బట్టి మనం పెట్టే పేరే మారుతుందని నా వాదన. అమెరికా కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ సంగతే చూడండి. 1966లో లాస్ వేగాస్ హోటల్లో దిగాడు. గదులు ఖాళీ చేయమంటే మరుసటి ఏడాది ఆ హోటల్నే కొనేశాడు. పళ్ల డబ్బా ఎలా తెరవాలో పనివాళ్లకు వరసగా రాసిచ్చాడు: లేబుల్ ఊడదీయాలి, డబ్బాను బ్రష్‌తో రుద్ది కడగాలి, మళ్లీ చేతులు కడుక్కోవాలి... లోకం దీన్ని కోటీశ్వరుడి తిక్క అనుకుంది. అదే పని ఫుట్‌పాత్ మీద పడుకునేవాడు చేస్తే?

ఎదురుమాట:
డబ్బొక్కటే కాదండీ. శాన్ ఫ్రాన్సిస్కోలో నార్టన్ అనే ఆయన బియ్యం వ్యాపారంలో దివాలా తీసి, 1859లో తానే అమెరికా చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. చేతిలో చిల్లిగవ్వ లేదు. 1867లో ఒక పోలీసు ఆయన్ని పిచ్చాసుపత్రికి పంపాలని పట్టుకెళ్తే, పత్రికలు గగ్గోలు పెట్టాయి. పోలీసు అధికారే వదిలిపెట్టి క్షమాపణ చెప్పాడు. ఇక్కడ పనిచేసింది ఏ డబ్బు?

సందేహి:
ఆయన బతికి చెడ్డవాడు. యూనిఫాం వేసుకుని మర్యాదగా తిరిగేవాడు, ఊరికి వినోదం. తనలో తాను గొణుక్కుంటూ పోయే బిచ్చగాడి కోసం ఏ పత్రికైనా అంత గొడవ చేస్తుందా?

పాతపుటలు:
హోదా రక్షణ కూడా అధికారం ఉన్నంతవరకే. జర్మనీలోని బవేరియా రాజు రెండో లుడ్విగ్ వింతలు ఏళ్ల తరబడి అందరికీ తెలిసినవే. కోటలు కడుతూ అప్పుల్లో మునిగి, మంత్రులకు కొరకరాని కొయ్య అయ్యాక, 1886లో నలుగురు డాక్టర్లు ఆయన్ని పరీక్షించకుండానే పిచ్చివాడని సంతకాలు పెట్టారు. జబ్బు నిజంగా ఉందో లేదో వేరే సంగతి. సంతకాలు పడిన సమయం చూడండి.

నైట్‌డ్యూటీ:
మీరంతా పేరు దగ్గరే ఆగిపోయారు. 1976లో హ్యూస్ చిక్కి శల్యమై చనిపోయాడు. ఎక్స్‌రేలో చేతుల్లో విరిగిన ఇంజెక్షన్ సూదులు కనిపించాయి. చుట్టూ డాక్టర్లున్నారు, 'వద్దు' అనేవాడే లేడు. తిక్క అన్న మాట ఆయన్ని కాపాడిందా, చంపిందా? పేదల సంగతి ఇంకోలా ఉంది. 1958లో ఇద్దరు పరిశోధకులు, హాలింగ్స్‌హెడ్, రెడ్లిచ్ అమెరికాలోని న్యూ హేవెన్ ఊరి మానసిక రోగుల మీద పుస్తకం వేశారు. అక్కడ డబ్బున్నవాళ్లకు ఎక్కువగా మాటలతో చికిత్స, లేనివాళ్లకు షాకులు, ఆసుపత్రిలో పడేయడం.

సందేహి:
అంటే పేరుతో పాటు వైద్యమూ మారుతోంది. నేనన్నదీ అదేగా!

నైట్‌డ్యూటీ:
కాదండీ. మీరు డబ్బున్నవాడు తప్పించుకున్నాడంటున్నారు. నేను అతనికీ వైద్యం దక్కలేదంటున్నాను.