టకోట్సుబో స్టడీ: ఎకో ఒక్కటే చాలదా?

అలిపిరి_పీజీ:
తిరుపతిలో కార్డియాలజీ పీజీని. ఒత్తిడి వల్ల గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే టకోట్సుబో మీద థీసిస్ ప్రోటోకాల్ రాస్తున్నా. కొండమెట్లెక్కుతూ ఛాతీనొప్పి వచ్చినవాళ్ళూ, చావుకబురు విని కుప్పకూలినవాళ్ళూ ఒకే క్యాజువాల్టీకి వస్తారు. ఏ ఇమేజింగ్ ఏ రోజు పెట్టుకోవాలి? ఎకో (గుండె అల్ట్రాసౌండ్)తో సరిపెట్టుకోవచ్చా?

ఎకోరూమ్:
సరిపోదు సార్. ‘గుండె పగిలింది’ అని ఇంటోళ్ళు చెప్పారని యాంజియో ఆపితే ఎల్‌ఏడీ (గుండె ముందువైపు ప్రధాన రక్తనాళం) బ్లాక్ ఉన్న మనిషి చేజారిపోతాడు. యాంజియో అయ్యాక అదే టేబుల్ మీద 30 డిగ్రీల ఆర్‌ఏఓలో (కుడివైపు ముందు నుంచి ఏటవాలు కోణం) వెంట్రిక్యులోగ్రామ్, అంటే ఎడమ జఠరికలో రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే సినిమా, తీయండి. టకోట్సుబో అయితే జఠరిక కొన బుడగలా ఉబ్బి, మొదలు గట్టిగా ముడుచుకుంటుంది. ఆక్టోపస్‌లు పట్టే జపాన్ కుండ ఆకారమే ఆ పేరుకు మూలం. పిగ్‌టెయిల్ (ఆ రంగుమందు ఎక్కించే గొట్టం) లోపలికి పంపేముందు ఎకోలో కొన దగ్గర రక్తం గడ్డ లేదని చూసుకోవాలి.

ఎకోలో ఎక్కువ దెబ్బ తినేది ఫోర్‌షార్టెనింగ్ (జఠరిక అసలు కంటే పొట్టిగా కనపడటం) దగ్గరే. ప్రోబ్ ఒక ఇంటర్‌స్పేస్ (పక్కటెముకల మధ్య సందు) పైన పడితే అసలు కొన తెగిపోతుంది; కనపడే నకిలీ కొనేమో చక్కగా ముడుచుకుంటున్నట్టు ఉంటుంది. కిందికి, పక్కకు జరిపి ఎల్‌వీ (ఎడమ జఠరిక) వీలైనంత పొడుగ్గా వచ్చేదాకా వెతకండి. ఎల్‌వీఓటీలో (ఎడమ జఠరిక నుంచి రక్తం బయటికెళ్ళే దారి) సీడబ్ల్యూ డాప్లర్ (రక్తవేగం కొలిచే ఎకో పద్ధతి) తప్పనిసరి. బాకులా వంగిన గ్రాఫ్ వస్తే అడ్డంకి ఉన్నట్టే. బీపీ తక్కువుందని అక్కడ డొబుటమిన్ (గుండెను గట్టిగా ముడుచుకునేలా చేసే మందు) ఎక్కిస్తే ఇంకా కూలుతుంది.

ఎంఆర్_టెక్:
ఎంఆర్‌ఐ మొదటి వారంలోనే. ఆలస్యమైతే టీ2లో (వాపును చూపే ఎంఆర్‌ఐ బొమ్మ) వాపు తగ్గిపోయి చూపించడానికి పెద్దగా మిగలకపోవచ్చు. అలాగని ఆయాసంతో పడుకోలేని మనిషిని తోసుకురావద్దు, ఊపిరి బిగబట్టలేకపోతే సినీ (గుండె కదలికల వీడియో) మొత్తం మసకే.

గాడోలినియం (ఎంఆర్‌ఐలో ఎక్కించే కాంట్రాస్ట్ మందు) కిలోకు 0.1 నుంచి 0.2 మిల్లీమోల్. 60 కిలోల మనిషికి 0.15 లెక్కన 9 మిల్లీమోల్, అంటే 0.5 మోలార్ మందు 18 ఎంఎల్. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీల పనితీరు కొలత) 30 లోపుంటే ముందు నెఫ్రాలజీని అడగండి. మందు ఎక్కించాక 10-15 నిమిషాలాగి లేట్ ఇమేజ్ (కండరంలో మచ్చలు చూపే బొమ్మ) తీయాలి. టకోట్సుబోలో మామూలుగా తెల్లమచ్చ ఉండదు. ఇన్‌ఫార్క్ట్ (గుండెపోటు) అయితే లోపలి పొర నుంచి, మయోకార్డైటిస్ (గుండె కండరం వాపు జబ్బు) అయితే ఎక్కువగా బయటిపొర వైపు మచ్చ పడుతుంది. టీఐ (మామూలు కండరం నల్లగా కనపడేలా ఎంచుకునే సమయం) తప్పితే కండరమంతా బూడిదరంగులో కనపడి లేని మచ్చ ఉన్నట్టు చదువుతారు. టీఐ స్కౌట్ (సరైన టీఐ వెతికే స్కాన్) మళ్ళీ తీయండి, బద్ధకించొద్దు.

పాత_రిజిస్ట్రార్:
ఇంకో చిక్కు. ‘ఒత్తిడి ఉన్నవాళ్ళు మాత్రమే’ అని చేర్చుకుంటే కారణమే దొరకని కేసులు బయటే ఉండిపోతాయి. ఇంటర్‌టాక్ స్కోర్ (టకోట్సుబో అయ్యే అవకాశాన్ని అంచనా వేసే పాయింట్లు) వేయండి: 100కి ఆడవాళ్ళయితే 25, మానసిక ఆఘాతానికి 24, శారీరక ఒత్తిడికి 13. ఫియోక్రోమోసైటోమా (అడ్రినల్ గ్రంథి గడ్డ) కూడా ఇదే బొమ్మ చూపిస్తుంది, దాన్ని పట్టే మెటానెఫ్రిన్ల పరీక్ష పంపండి.

మూడు నెలలకు స్ట్రెయిన్ ఎకో (కండరం ఎంత కుదించుకుంటుందో కొలిచే ఎకో) అదే కంపెనీ మెషీన్ మీద చేయించండి. ఈఎఫ్ (ప్రతి స్పందనలో గుండె బయటికి పంపే రక్తం శాతం) నార్మల్ అయినా జీఎల్‌ఎస్ (ఆ స్ట్రెయిన్ కొలత) ఇంకా తక్కువే ఉండొచ్చు. మెషీన్ మారితే ఆ తేడా గుండెదో మెషీన్‌దో తేలదు.