1,700 డాలర్ల తేడాతో హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీలో లెవెల్ 1లో పడ్డా. జీతం పెంచమని అడగొచ్చా?

ప్లేనో_ఖమ్మం:
డాలస్ పక్కన ప్లేనోలో డేటా అనలిస్ట్‌ని. స్టెమ్ ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీద ఇచ్చే పని అనుమతి) జూన్‌తో అయిపోతుంది. రెండుసార్లు లాటరీలో పేరు రాలేదు, ఇదే ఆఖరి ఛాన్స్.

ఇన్నాళ్లూ అందరికీ ఒక్కటే చీటీ కాబట్టి, రాకపోతే నా ఖర్మ అనుకునేవాణ్ణి. 2026 ఫిబ్రవరి 27 నుంచి కొత్త రూల్: లెవెల్ 4 జీతానికి నాలుగు చీటీలు, 3కి మూడు, 2కి రెండు, 1కి ఒకటే. నిన్న రాత్రి అమెరికా కార్మిక శాఖ వేతనాల సైట్‌లో నా ఉద్యోగం కోడు, కౌంటీ కొట్టి చూశా. ఒక్కో లెవెల్‌కి ఒక్కో జీతం చొప్పున నాలుగు అంకెలు వరసగా వచ్చాయి. రెండో అంకెకి నా జీతం ఏడాదికి 1,700 డాలర్లు తక్కువ. నెలకి 142. మా రూమ్ కరెంటు, ఇంటర్నెట్ బిల్లులు కలిపితే అంత!

హెచ్‌ఆర్‌ని అడిగితే జీతాలు పెంచేది జూలైలోనే అన్నారు. లాటరీకి రిజిస్ట్రేషనేమో మార్చిలో. ఏం చెయ్యను? ఇంకోటి, మేలో చెల్లి పెళ్లి. ఇండియాకి టికెట్ కొనేశా.

పాతకాపు:
తమ్ముడూ, లెవెల్ తేల్చేది ఈ నెల పే స్లిప్ చూసి కాదు, హెచ్-1బి మీద ఇస్తామన్న జీతం చూసి. ఆ ఉద్యోగం మొదలయ్యేది అక్టోబర్ 1న, అంటే మీవాళ్ల జూలై దాటాకే. "ఇప్పుడే పెంచండి" అనకు, "పిటిషన్‌లో (కంపెనీ వేసే హెచ్-1బి దరఖాస్తులో) ఈ అంకె రాయండి" అని అడుగు. కంపెనీ లాయర్‌ని కూడా కలుపుకో. రాసింది మాత్రం నిజంగా ఇవ్వాలి. చీటీల కోసం ఎక్కువ చూపించి తర్వాత తగ్గిస్తే, అప్రూవ్ అయినదాన్ని కూడా రద్దు చేయొచ్చు.

మూడోసారి:
మా కన్సల్టెన్సీ అయితే లెవెల్ 2 వేస్తాం, తేడా నెలనెలా నువ్వే మాకు తిరిగివ్వు అంది. దండం పెట్టి వచ్చేశా. ఇంకో కంపెనీతో కూడా రిజిస్ట్రేషన్ వేయిద్దామనుకుంటున్నావేమో, ఇద్దరు వేస్తే రెండిట్లో తక్కువ లెవెలే లెక్క.

షార్లెట్_అక్క:
లెవెల్ 1 అని చిన్నబుచ్చుకోకు. శాన్ హోసేలో ఉన్న మా తమ్ముడిది నాకంటే పెద్ద జీతం, కానీ ఆ ఊరి లెక్కలో వాడు లెవెల్ 1, ఇక్కడ షార్లెట్‌లో నేను 2. తెలివికీ దానికీ సంబంధం లేదు.

పెళ్లి సంగతి చెప్తా, తిట్టుకోకు. 2025 సెప్టెంబర్‌లో హెచ్-1బి మీద పెట్టిన లక్ష డాలర్ల ఫీజు, ఇక్కడే ఉండి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) నుంచి హెచ్-1బికి మారేవాళ్లకి లేదు. పిటిషన్ తేలకముందే దేశం దాటితే ఆ మార్పు వదులుకున్నట్టే లెక్క, అప్పుడు ఫీజు మెడకి చుట్టుకుంటుంది. నీ కోసం లక్ష డాలర్లు కట్టే కంపెనీ అయితే 1,700కి జూలై దాకా ఆగమనదు.

ప్లేనో_ఖమ్మం:
పాతకాపు అన్నా, మీరన్నట్టే మెయిల్ పెట్టా. లాయర్‌కి పంపామన్నారు. అక్కా, టికెట్ క్యాన్సిల్ చేశా, 180 డాలర్లు కోశారు. చెల్లికి ఇంకా చెప్పలేదు. రాత్రి వీడియో కాల్‌లో శుభలేఖ చూపించి, నా పేరు పైన వేయించానంది.