‘చేయడం జరిగింది’ అన్నప్పుడు చేసినవారెవరు?

‘ఆదేశించడం జరిగింది’, ‘తొలగించడం జరిగింది’, ‘తెలియజేయడం జరిగింది’ వంటి ప్రయోగాలు వ్యాకరణ దోషాలా అని ఈ చర్చావేదికలో ఒకరు అడిగారు. దోషాలు కావన్నదే నా అభిప్రాయం. క్రియకు ‘-డం’ చేర్చి నామంగా వాడుకోవడమూ, దాని పక్కన ‘జరుగు’ను నిలపడమూ తెలుగులో చెల్లే పనులే. అయితే ప్రభుత్వ ప్రకటనల్లో, పత్రికా సమావేశాల్లో, విచారణ నివేదికల్లో ఈ పలుకు చేస్తున్న పని ఏమిటన్నది వేరే ప్రశ్న. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ ప్రశ్నే.

తెలుగు క్రియ తన చివరలోనే కర్తను మోసుకొస్తుంది. ‘తప్పు చేశాం’ అన్నప్పుడు ‘మేము’ అని విడిగా చెప్పనక్కరలేదు. ఒప్పుకోలు ఆ ‘-ఆం’లోనే ఉంది. ‘తప్పు చేయడం జరిగింది’ అనగానే ‘జరిగింది’ అన్న క్రియ ‘చేయడం’ అనే పనితో అన్వయిస్తుంది, చేసిన మనిషితో కాదు. ‘మేము చేయడం జరిగింది’ అన్నా క్రియ మాత్రం ‘మేము’ను పట్టించుకోదు. మన భాష ఒక్క ప్రత్యయంతో ఇచ్చే సమాచారాన్ని ఇక్కడ రెండు మాటలు ఖర్చుపెట్టి పోగొట్టుకుంటున్నాం.

చాలామంది ‘బడు’ ప్రయోగాన్నే ముందుగా తప్పుపడతారు. ‘రామునిచే రావణుడు చంపబడెను’ అన్న పాఠ్యపుస్తక వాక్యం తెలుగు నుడికారానికి నప్పదన్న మాట నిజమే కానీ, అందులో ‘రామునిచే’ అన్న పదానికి ఒక చోటు ఉంది, ఆ చోటు ఖాళీగా వదిలితే ‘ఎవరిచేత?’ అన్న ప్రశ్న వెంటనే తడుతుంది. ‘జరిగింది’ ఆ ప్రశ్నను పుట్టనివ్వదు. వాన కురిసినట్టు, ఎవరి ప్రమేయమూ లేకుండా ఆ పని దానంతటదే అయిపోయినట్టు వినిపిస్తుంది. అందుచేత నిజాయితీ విషయంలో ‘బడు’ కన్నా ‘జరిగింది’నే ఎక్కువ అనుమానించాలంటాను.

ప్రతిచోటా అనుమానించాలని కాదు. ‘మా ప్రభుత్వం ఈ వంతెనను పూర్తి చేయడం జరిగింది’ అనే నాయకుడు ఏమీ దాచడం లేదు. అది వేదిక మీద అలవాటైన సాగతీత మాత్రమే. అదే నాయకుడు ‘నిర్మాణంలో జాప్యం జరిగింది’ అన్నప్పుడు మాత్రం ఆగి చూడాలి. మేలు చెప్పేటప్పుడు ముందుకొచ్చి నిలబడిన ‘మా ప్రభుత్వం’ కీడు చెప్పేటప్పుడు వాక్యంలోంచి తప్పుకుంది. ఒకే ప్రసంగంలో కర్త ఎక్కడ కనిపిస్తున్నాడో, ఎక్కడ మాయమవుతున్నాడో గుర్తు పెట్టుకుంటూ పోతే, ఆ ప్రసంగం గురించి ఇంకెవరూ మనకు వివరించనక్కరలేదు.

రోజూ చూసే బాణీలో ఒక ప్రకటనను ఊహించుకుందాం: ‘సాంకేతిక కారణాల వల్ల సేవలకు అంతరాయం కలగడం జరిగింది. అసౌకర్యానికి చింతిస్తున్నాం.’ మొదటి వాక్యంలో మనుషులు లేరు. రెండో వాక్యంలో ‘చింతిస్తున్నాం’ అంటూ హఠాత్తుగా ‘మేము’ ప్రత్యక్షమైంది. చింతకు కర్త ఉన్నాడు, చింతకు కారణమైన పనికి లేడు. దీన్నే ‘మేము సర్వర్లు మారుస్తూ పొరపాటు చేశాం, ఉదయం 6 నుంచి 9 దాకా చెల్లింపులు ఆగిపోయాయి, మధ్యలో ఆగిన డబ్బును రేపు సాయంత్రంలోగా మీ ఖాతాల్లో తిరిగి జమచేస్తాం’ అని రాస్తే పొడవు పెరుగుతుంది కానీ, చదివినవాడికి ఏమైందో, ఎప్పుడైందో, తానేం ఆశించాలో తెలుస్తుంది.

పొడవు గురించి ఎందుకు అంటున్నానంటే, చిన్న వాక్యాలు రాస్తే చాలు, స్పష్టతా నిజాయితీ రెండూ వచ్చేస్తాయన్న నమ్మకం మనలో బలంగా ఉంది. చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో 1986 ఏప్రిల్ 26న ప్రమాదం జరిగితే, సోవియట్ టెలివిజన్ 28వ తేదీ రాత్రి వార్తల్లో దాన్ని కొద్దిపాటి పొట్టి వాక్యాల్లో చదివి ముగించింది. ప్రమాదం జరిగింది, ఒక రియాక్టర్ దెబ్బతింది, పర్యవసానాలను తొలగించే చర్యలు తీసుకోబడుతున్నాయి, బాధితులకు సహాయం అందుతోంది, ప్రభుత్వ సంఘం ఏర్పాటైంది: సారాంశం అంతే. వాటిలో కఠినమైన పదం ఒక్కటీ లేదు. ఎప్పుడు జరిగిందో లేదు, రేడియేషన్ మాట లేదు, జనం తీసుకోవలసిన జాగ్రత్త లేదు. దాదాపు 50 వేలమంది ఉన్న ప్రిప్యాత్ పట్టణాన్ని ముందురోజే ఖాళీ చేయించిన సంగతి కూడా లేదు. పసివాడికైనా అర్థమయ్యే ఆ భాషతోనే అంత దాచగలిగారు. సరళంగా రాయమని అడుగుతూనే, ఏమి వదిలేశారో కూడా అడగాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అమెరికా అధ్యక్షుడు రేగన్ ఇరాన్‌కు ఆయుధాలు అమ్మిన వ్యవహారంపై 1987 జనవరిలో చట్టసభలో మాట్లాడుతూ వాడిన మాటను తెలుగులో ‘తీవ్రమైన పొరపాట్లు జరిగాయి’ అనే చెప్పాలి. మార్చి 4న దేశప్రజలను ఉద్దేశించి మాట్లాడినప్పుడు, తన చర్యలకూ తన యంత్రాంగం చర్యలకూ పూర్తి బాధ్యత తానే తీసుకుంటున్నానన్నారు. ఈ రెండు మాటలకూ ఉన్న దూరం శైలీభేదం కాదు.

‘జరిగింది’ తప్పనిసరి అయ్యే సందర్భాలూ ఉన్నాయి. హత్య చేసినదెవరో తేలకముందు విలేకరి ‘హత్య జరిగింది’ అనే రాయాలి. నేరం రుజువు కాకుండా ఒకరిని కర్తను చేయడం అంతకన్నా పెద్ద అపచారం. చిక్కేమిటంటే, కర్త తెలియకపోవడమూ, తెలిసి చెప్పకపోవడమూ ఈ ఒక్క మాటలో ఒకేలా కనిపిస్తాయి. తెలియనప్పుడు ‘ఎవరు చేశారో ఇంకా తేలలేదు’ అన్న వాక్యాన్ని పక్కనే చేర్చడానికి ఏ అడ్డూ లేదు, కనుక చేర్చనివారిని అడిగే హక్కు మనకుంది.

విమర్శించే మనకూ ఒక నియమం అవసరం. ఒక్క వాక్యాన్ని తుంచి తెచ్చి ‘చూడండి, దాచారు’ అనడం న్యాయం కాదు, ఎందుకంటే పై వాక్యంలోనే కర్త ఉండి ఉండవచ్చు. ఇక మీదట ఇక్కడ ఇలాంటి వాక్యాన్ని చర్చకు పెట్టేవారు దాని ముందు వెనక వాక్యాలను కూడా పూర్తిగా ఇవ్వాలనీ, ‘చేశాం’, ‘చేశారు’ రూపంలోకి తామే ఒకసారి మార్చి చూపాలనీ కోరుతున్నాను.