క్లాసులో నేర్చుకున్న మాటలు ఇంట్లో ఎందుకు బెడిసికొడుతున్నాయి?

గడపదాటనివాడు:
పెళ్లయి పదకొండేళ్లు. ఈ మధ్య దంపతుల కమ్యూనికేషన్ క్లాసులకి ఎనిమిది వారాలు వెళ్లాం. ఒకరు చెప్పాలి, రెండోవాళ్లు విన్నది తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే జవాబు. 'నువ్వెప్పుడూ ఇంతే' అనకూడదు, 'నాకిలా అనిపించింది' అనాలి. ట్రైనర్ మా ఇద్దర్నీ అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా.

మొన్న రాత్రి ఆలస్యంగా వచ్చాను, ఫోన్ చెయ్యలేదు. తను మొదలుపెట్టింది. నేను బుద్ధిగా "అంటే, నేను ఫోన్ చెయ్యనందుకు నీకు బాధ కలిగింది, అంతేనా?" అన్నాను. "ఆ క్లాసు భాష నా దగ్గర వాడకు" అని లేచి వెళ్లిపోయింది. మామూలుగా అయితే పది నిమిషాల్లో తేలిపోయే గొడవ, రెండు రోజులు సాగింది. నేర్పింది తప్పా, నేను వాడిన తీరు తప్పా?

రెండోకుర్చీ:
మా ఆయన అలా తిరిగి చెప్తుంటే నాకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసినట్టుండేది. అది సరే గానీ, 'ఫోన్ చెయ్యకపోవడం నాదే తప్పు' అని మీరు ఎక్కడన్నా అన్నారా? పోస్టు రెండుసార్లు చదివాను, కనపళ్లేదు.

గడపదాటనివాడు:
అనలేదండీ.

పాతకాపు:
విన్నది తిరిగి చెప్పడం అమెరికన్ సైకాలజిస్టు కార్ల్ రోజర్స్ కౌన్సెలింగ్ పద్ధతి నుంచి వచ్చింది. అక్కడ వినేవాడి మీద ఫిర్యాదు ఉండదు. ఇంట్లో ఫిర్యాదంతా మీ మీదే, మళ్లీ దాన్ని మీరే ప్రశాంతంగా వల్లించాలి. మామూలు మనిషికి కష్టం. దంపతుల బంధాల మీద పరిశోధన చేసిన సైకాలజిస్టు జాన్ గాట్‌మన్ బృందం కొత్త దంపతుల గొడవల్ని రికార్డు చేసి పరిశీలించి, 1998లో ఫలితాలు ప్రచురించింది. సుఖంగా ఉన్న జంటలు కూడా ఇలా తిరిగి చెప్పుకోవడం చాలా అరుదు. భార్య మాట మెత్తగా మొదలవడం, భర్త ఆ మాటకి విలువివ్వడం, మధ్యలో ఒక నవ్వు: తేడా అక్కడ కనిపించింది.

అలాగని పారేయకండి. నిజంగా ముడిపడిపోయిన విషయానికి ఈ పద్ధతి బ్రేకులా పనిచేస్తుంది. కానీ 'ఇప్పుడు ఆ పద్ధతిలో మాట్లాడుకుందాం' అని ఇద్దరూ ఒప్పుకున్నాకే. మీరొక్కరే మొదలుపెడితే ఎదుటివాళ్లకి అది నాటకంలా కనిపిస్తుంది.

ఇంకోటి, గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటుంటే ఏ పద్ధతీ బుర్రకెక్కదు. కనీసం 20 నిమిషాలు ఆగండి. అయితే ఎప్పుడు తిరిగొస్తారో చెప్పి వెళ్లండి, లేకపోతే అది అలగడమే.

గడపదాటనివాడు:
ఇదంతా తనకి చదివి వినిపించాను. కస్టమర్ కేర్ దగ్గర పడీ పడీ నవ్వింది. క్లాసులో ఇచ్చిన కాగితం తనే తీసి సొరుగులో పెట్టింది. ఉద్యోగం మారాలా వద్దా అన్న గొడవ మాకు రెండేళ్లుగా ఉంది, దానికి వాడదాం, ఫోన్ చెయ్యనిదానికి వద్దు అంది.