తేదీ లేని పాత లాస్ వేగస్ ఫోటోల కాలాన్ని నిర్ణయించడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. లాస్ వేగస్ పెరిగిన తీరుపై పాత ఫోటోల ఆధారంగా ఒక వ్యాసం రాస్తున్నాను. 1905 మే 15న రైల్వే కంపెనీ ఎడారి నేలను ప్లాట్లుగా విడగొట్టి వేలం వేసిన నాటి ఫోటోలో కోట్లు, టోపీలు వేసుకున్న జనం మండుటెండలో కిక్కిరిసి నిలబడి ఉన్నారు. అక్కడి నుంచి 1955 దాకా ఫోటోలకు కొదవ లేదు గానీ, వాటిలో చాలావాటికి తేదీలు లేవు. పైగా ఎటు చూసినా జూదశాలలే తప్ప బడులు, ఆఫీసులు, ఊరేగింపులు అరుదు. ఊరి పాత ప్రధాన వీధి ఫ్రీమాంట్ ఫోటోల కాలం ఎలా తేల్చాలో, ఊరివాళ్ల జీవితం ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు 1:
ముందు వీధి పడమటి కొసను చూడండి. అక్కడ కమానులున్న పాత రైల్వే స్టేషన్ కనిపిస్తే ఫోటో 1940కి ముందుది, ఎందుకంటే ఆ ఏడాదే దాని స్థానంలో కొత్త స్టేషన్ వచ్చింది. 1971లో అదే చోట ప్లాజా హోటల్ వెలిసింది. వీధికి చదును రోడ్డు పడింది 1925లో కాబట్టి, మట్టి బాట అంతకు ముందుది. చెయ్యి ఊపే కౌబాయ్ నియాన్ బొమ్మ 'వేగస్ విక్' ఉంటే 1951 లేదా ఆ తరువాతిది. కార్ల మోడళ్లు కూడా పనికొస్తాయి కానీ, అవి 'ఇంతకు ముందు కాదు' అని మాత్రమే చెబుతాయి. పాత కారును పదేళ్లు నడిపేవాళ్లు అప్పుడూ ఉన్నారు.

జవాబు 2:
జూదం చట్టబద్ధమైనదీ, హూవర్ డ్యామ్ పని మొదలైనదీ 1931లోనే. ఆ దశకపు ఊరిని చూడాలంటే 1933 నాటి పోస్టాఫీసు, కోర్టు కలిసిన ఫెడరల్ భవనం ఫోటోలు వెతకండి. నేరముఠాల చరిత్ర చెప్పే మ్యూజియం ఇప్పుడు అందులోనే ఉంది. హెల్డొరాడో అనే కౌబాయ్ ఉత్సవపు ఊరేగింపు ఫోటోల్లో అలంకరించిన బళ్లకన్నా వాటి వెనక కాలిబాట మీద నిలబడ్డ పిల్లలూ, దుకాణదారులూ మీకు ఎక్కువ ఉపయోగపడతారు. ఊరి ప్రచార సంస్థ అయిన లాస్ వేగస్ న్యూస్ బ్యూరో ఫోటోలను మాత్రం జాగ్రత్తగా వాడండి. ఈత కొలనుల పక్క భామలనూ, 1950లలో దూరాన లేచిన అణు పరీక్షల పొగమేఘాలనూ వాళ్లు తీసింది పర్యాటకులను రప్పించడానికి.

జవాబు 3:
పైవన్నీ రైలు పట్టాలకు తూర్పున ఉన్న ఊరి సంగతులు. పడమటి పక్కన వెస్ట్‌సైడ్ ఉంది. అక్కడి నల్లజాతి కుటుంబాలకు స్ట్రిప్ అనే పెద్ద జూదశాలల వీధి హోటళ్లలో ఉద్యోగం దొరికినా అతిథులుగా ప్రవేశం ఉండేది కాదు. ఆ బహిష్కారం ముగిసింది 1960 మార్చిలో, మూలాన్ రూజ్ హోటల్లో కుదిరిన ఒప్పందంతో. ఆ దశకంలో ఫోటోగ్రాఫర్ క్లింటన్ రైట్ వెస్ట్‌సైడ్ చర్చీలనూ, వ్యాపారాలనూ, వేడుకలనూ లోపలి మనిషిగా తీశారు. ఆ సేకరణ లాస్ వేగస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉంది. వ్యాసాన్ని 1955 దగ్గర ఆపితే ఇవి జారిపోతాయి, కాబట్టి 1960ల దాకా పొడిగించమని నా సలహా.