అట్లాంటిస్, ద్వారక ఒకే జ్ఞాపకమా? మకరానికీ గ్రీకు సముద్రాశ్వానికీ చుట్టరికం ఉందా?

ప్రశ్న (అంతర్వేది దగ్గరి పాఠకుడు):
మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దాటి వేటకు వెళ్ళే మా పెదనాన్నగారు, వల అడుగున పట్టేసి చిరిగినప్పుడల్లా "కింద పాత ఊరి గోడ ఉందిరా" అనేవారు. మొన్న మా అమ్మాయికి గ్రీకు కథలు చదివి వినిపిస్తుంటే, అట్లాంటిస్ ద్వీపం ఒక్క పగలూ రాత్రిలో మునిగిపోయిన ఘట్టం దగ్గర ఆపి, "ఇదీ ద్వారకా ఒకటేనా నాన్నా?" అని అడిగింది. మహాభారతం మౌసల పర్వంలో ద్వారకను సముద్రం ముంచెత్తడం మనకు తెలిసినదే. ఈ రెండు కథల వెనుక ఒకే జ్ఞాపకం ఉందా? గ్రీకుల గుర్రపు తల చేపకూ మన మకరానికీ సంబంధం ఉందా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (రాజమహేంద్రవరం, చరిత్ర విద్యార్థిని):
ఒకే జ్ఞాపకం అనడానికి ఆధారం లేదండి. అట్లాంటిస్ కథ గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన టిమేయస్, క్రిటియాస్ సంభాషణలకు ముందు ఎక్కడా కనబడదు. ఈజిప్టు పూజారులు ఏథెన్స్ శాసనకర్త సోలోన్‌కు చెప్పిన 9,000 ఏళ్ళ నాటి సంగతి అని అందులో ఉన్నప్పటికీ, గర్వించిన రాజ్యం ఎలా కూలుతుందో చూపడానికి ప్లేటో అల్లిన కథగానే నేను దాన్ని భావిస్తాను.

అయితే ప్లేటో బతికి ఉండగానే నిజంగా ఒక నగరం మునిగింది. క్రీ.పూ. 373 చలికాలంలో ఒక రాత్రి, గ్రీసులోని కొరింథ్ సింధుశాఖ ఒడ్డున సముద్రదేవుడు పోసైడన్‌ను కొలిచే హెలికే నగరం భూకంపానికి కూలి, వెనువెంటనే వచ్చిన అలకు కొట్టుకుపోయింది. శతాబ్దం దాటాక గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ అక్కడికి వెళితే, నీటి అడుగున కంచు పోసైడన్ విగ్రహం నిలబడే ఉందని, దాని చేతిలోని సముద్రాశ్వం (మీరడిగిన గుర్రపు తల చేప) వలలకు ప్రమాదమని పడవవాళ్ళు చెప్పారట. ఈ మాటను భూగోళ రచయిత స్ట్రాబో గ్రంథస్థం చేశాడు. మీ పెదనాన్నగారి మాట చదవగానే నాకు అదే గుర్తుకు వచ్చింది. 2001లో ఆ నగర శిథిలాలు బయటపడింది మాత్రం సముద్రంలో కాదు, ఒడ్డుకు ఇవతల, నేల కింద. నదులు తెచ్చిన ఒండ్రు దాన్ని కప్పేసింది. గోదావరి పక్కన పుట్టినవారికి ఇది వేరే వివరించనక్కరలేదు.

సమాధానం 2 (అమలాపురం, తెలుగు ఉపాధ్యాయుడు):
సముద్రాశ్వం ముందు గుర్రం, వెనుక చేప. అది పోసైడన్ రథాన్ని లాగుతుంది. మకరం వరుణుడికీ గంగకూ వాహనం. ఈ పోలిక నుంచి చుట్టరికం నిరూపించలేము. నిజమైన చుట్టరికం రాశిచక్రంలో ఉంది: బాబిలోన్‌లో మేక తల, చేప తోక గల రాశి గ్రీకుల ద్వారా మన జ్యోతిషానికి చేరి మకరరాశి అయింది. సంక్రాంతికి సూర్యుడు ప్రవేశించేది అందులోకే.

సమాధానం 3 (తాళ్ళరేవు):
పెద్దలు చెప్పినదానికి ఒక్క చేర్పు. మన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. దాని పేరే బర్మాలో తెలుగువారందరికీ పేరై, వారిని 'కోరంగీలు' అన్నారు. 1839 నవంబరు తుఫానులో ఎగసిన ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. తరువాత కాలువల్లో ఒండ్రు మేట వేసింది. ఇప్పుడు పాటు సమయంలో (సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు) పడవలో వెళితే, బురదలోంచి వేళ్ళు పైకి పొడుచుకొచ్చిన మడ చెట్లే రెండు పక్కలా కనబడతాయి. ఇక్కడ ఓడలు తయారయ్యేవంటే నమ్మడం కష్టం. అమ్మాయిని ఒకసారి తీసుకురండి, పాటు వేళ చూసి చెబుతాను.