భీమిలిలో టేకు సింహద్వారం, రెండేళ్లకే పాలిష్ ఊడిపోతోంది

భీమిలి_ఇల్లు:
మా ఇంటికి సముద్రం కిలోమీటరు కూడా ఉండదు. సింహద్వారం టేకు, తూర్పు ముఖం. పైన సన్‌షేడ్ అడుగున్నరే కాబట్టి పొద్దుటి ఎండా, వానజల్లూ రెండూ నేరుగా తలుపు మీదే పడతాయి. గృహప్రవేశానికి మెలమైన్ పాలిష్ చేయించాం, అప్పుడు అద్దంలా ఉండేది. ఇప్పుడు కింది సగం పొక్కులు, గోటితో గీకితే పొరలుగా ఊడొస్తోంది, లోపల నల్ల మచ్చలు. మేస్త్రీని పిలిస్తే "పైన ఇంకో రెండు కోట్లు కొట్టేద్దాం సార్" అంటాడు. నాన్నగారేమో అవిసె నూనె రాస్తే చాలంటారు. దసరాకి చుట్టాలొస్తున్నారు, ఈలోపు ఏదో ఒకటి తేల్చాలి.

కొయ్యపని:
పాత పొర మీద కొత్తది కొట్టించకండి, డబ్బు దండగ. మెలమైన్ ఇంట్లో మంచాలకీ బీరువాలకీ సరిపోతుంది గానీ బయట పనికిరాదు. పెళుసుగా ఉంటుంది, చెక్క వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుంటుంటే దాంతో పాటు సాగలేక సన్నగా పగులుతుంది, ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగుతాయి, దిగినవి మళ్లీ ఆరడానికి దారి ఉండదు. పైగా తేటగా ఉండే పాలిష్ ఎంత ఖరీదైనదైనా ఎండని పూర్తిగా ఆపలేదు. ఎండలోని యూవీ కిరణాలు లోపలికి వెళ్లి చెక్క పీచుని పట్టి ఉంచే లిగ్నిన్ అనే జిగురు లాంటి పదార్థాన్ని తినేస్తాయి, ఇక పొర పట్టుకోవడానికి కింద గట్టి చెక్కంటూ మిగలదు.

అందుకని అసలు చెక్క కనపడేదాకా గీకించి, 80 నంబరు ఎమరీతో మొదలుపెట్టి 120, 180 పట్టించండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, కోటింగ్‌కి ముందు థిన్నర్ గుడ్డతో తుడవాలి. తర్వాత రంగున్న స్టెయిన్ వేయించండి, వాల్‌నట్ లాంటి ముదురు రంగైతే ఎండని బాగా ఆపుతుంది. దాని మీద ఎక్స్‌టీరియర్ పీయూ, అంటే బయటి చెక్కకి వేసే పాలీయురేథేన్ పాలిష్, అందులోనూ అలిఫాటిక్ రకం అడగండి, ఆరోమాటిక్ అనే రెండో రకం ఎండకి పసుపు రంగుకి తిరుగుతుంది. లప్పం పూయనివ్వకండి, మొదట లేచేది అదే.

ముఖ్యమైనది, తలుపు దించి కింది అంచుకీ పై అంచుకీ కూడా కోటింగ్ వేయించండి. కోసిన కొసల దగ్గరే చెక్క నీళ్లు ఎక్కువ తాగుతుంది, మన వాళ్లేమో కనపడే ముఖం మెరిపించి వెళ్లిపోతారు.

కరీంనగర్_దర్వాజ:
నూనె గురించి నా అనుభవం చెప్తా. మా వేప దర్వాజకు ఉడికించిన అవిసె నూనె ఏడాదికోసారి రాస్తాం, బాగనే ఉంది, పొరంటూ ఉండదు కాబట్టి ఊడే బాధా లేదు. అదే చూసి మా అక్క మచిలీపట్నంలో పచ్చి అవిసె నూనె రాయించింది. రోజుల తరబడి ఆరలేదు, దుమ్మంతా అంటుకుంది, వానాకాలం వచ్చేసరికి నల్లగా బూజు. ఆ తేమలో నూనె బూజుకి మేతే. రాయాలనుకుంటే బూజు మందు కలిపి, బయటి చెక్క కోసమే అమ్మే నూనె తీసుకోండి, అదీ ఏటా రాసే ఓపిక ఉంటేనే.

అరుగుమీద:
కోనసీమలో మా అమ్మమ్మగారి ఇంటి తలుపులకి ఆకుపచ్చ ఎనామిల్ రంగు తప్ప ఏదీ ఎరుగం, ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. రంగు గొప్పతనం కొంతే, ముందు వసారా, కిందికి దిగిన చూరు, తలుపు దాకా వాన వచ్చేదే కాదు. మీరు పీయూకి పెట్టే డబ్బులో కొంత సన్‌షేడ్ ఇంకో రెండడుగులు ముందుకి లాగడానికి పెట్టండి. ఇంకో మాట, గడప రోజూ కడుగుతారా?

భీమిలి_ఇల్లు:
కడుగుతారండీ, అమ్మ పొద్దున్నే చెంబుడు నీళ్లు గుమ్మరించి తర్వాత పసుపు రాస్తుంది. అవును, పొక్కులన్నీ కింద అడుగు లోపలే ఎక్కువ!

కొయ్యపని:
దొరికింది దొంగ 😄 తడిగుడ్డతో తుడిస్తే చాలని చెప్పి చూడండి. దసరా గురించి మాత్రం మర్చిపోండి. మీ వైపు అక్టోబరు, నవంబరుల్లో కూడా వానలు, తుఫానులే, తడి చెక్క మీద పీయూ వేస్తే మళ్లీ పొక్కులే. జనవరి, ఫిబ్రవరిలో చేయించండి, తలుపుని నీడలో పెట్టి, ఎండలో వేస్తే పైపొర ముందు ఆరి బుడగలొస్తాయి. పీయూలో హార్డెనర్ (గట్టిపరిచే మందు) కలిపాక డబ్బా మీద రాసిన టైములోపే వాడెయ్యాలి, మేస్త్రీకి మాస్కు కొనివ్వండి.

భీమిలి_ఇల్లు:
సరే, ఫిబ్రవరికే పెట్టుకుంటాం. దసరాకి తలుపుకి పెద్ద మామిడి తోరణం, కింద రెండు అరటి మొక్కలు కట్టేస్తాం, మచ్చలు కనపడవు. గడప మాట మాత్రం అమ్మతో నాన్నగారే చెప్పాలి, నావల్ల కాదు.